ఏకపక్ష కాంట్రాక్ట్‌పై సప్లయర్ సంతకం పెడితే బాధ్యత ఎవరిది? పూర్తి మార్గదర్శి

"కాంట్రాక్ట్ అంతా వాళ్ల వైపే ఉంది. పెద్ద కంపెనీ కదా అని నోరెత్తకుండా సంతకం పెట్టేశాం. ఇప్పుడు నష్టం వస్తే మొత్తం మేమే కట్టాలా?" సరుకు సరఫరా చేసే చిన్న సంస్థలకు ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే ప్రశ్న ఇది. సూటిగా చెప్పాలంటే మొదటి బాధ్యత సంతకం పెట్టిన సంస్థదే. మేం చిన్నవాళ్లం, బలం లేనివాళ్లం అన్న ఒక్క కారణంతో వ్యాపార ఒప్పందం రద్దవడం చాలా అరుదు.

అయితే ఆ బాధ్యతకు హద్దులున్నాయి. కొన్ని క్లాజులను చట్టమే తగ్గిస్తుంది, కొన్నింటిని కొట్టేస్తుంది. నష్టం పెరగకుండా చూసుకోవాల్సిన పని అవతలి పక్షానికీ ఉంటుంది. సంస్థ బాధ్యత వేరు, సంతకం పెట్టిన మనిషి సొంత బాధ్యత వేరు. ఈ హద్దులు తెలియక కట్టనవసరం లేని డబ్బు కట్టేసిన సప్లయర్లు ఉంటారు, కట్టాల్సింది కట్టకుండా కోర్టు దాకా వెళ్లి రెండింతలు పోగొట్టుకునేవాళ్లూ ఉంటారు. ఇద్దరికీ పనికొచ్చేలా వరుసగా చెప్తాను.

మొదటి అడుగు: సంతకం బరువెంతో తెలుసుకోండి

1934లో ఇంగ్లండ్‌లో తీర్పు వచ్చిన లెస్ట్రేంజ్ వర్సెస్ గ్రౌకాబ్ కేసును ఇప్పటికీ లా విద్యార్థులకు చెప్తారు. వేల్స్‌లో కెఫే నడిపే ఒక మహిళ సిగరెట్లు అమ్మే మెషిన్ కోసం ఆర్డర్ ఫారంపై సంతకం పెట్టారు. మెషిన్ సరిగ్గా పని చేయలేదు. ఫారం గోధుమ రంగు కాగితం, దాని మీద చిన్న అక్షరాలు. ఇందులో రాయని ఏ హామీ కూడా వర్తించదని ఆ అక్షరాల్లోనే ఒక షరతు ఉంది. ఆమె చదవలేదు. అయినా మోసం గానీ తప్పుడు మాటలు గానీ లేనప్పుడు సంతకం పెట్టినవారు షరతులకు కట్టుబడాల్సిందే, చదివారా లేదా అన్నది అనవసరం అని కోర్టు తేల్చింది. తర్వాత వచ్చిన చట్టాలు అలాంటి షరతుల కోరలు కొంత పీకాయి గానీ సంతకం గురించిన ఆ సూత్రం మాత్రం అలాగే ఉంది.

కాబట్టి "చదవలేదు", "అర్థం కాలేదు", "వాళ్ల లాయర్ రాసిందే ఇచ్చారు" అన్న మాటల మీద మీ కేసు కట్టుకోకండి. కాంట్రాక్ట్ గురించి అవతలివాళ్లు మీకు అబద్ధం చెప్పి ఉంటే అది వేరే సంగతి. "ఈ పెనాల్టీ క్లాజు ఊరికే ఉంటుంది, ఎప్పుడూ వాడం" అని మెయిల్‌లో రాసి సంతకం పెట్టించుకున్నారా? ఆ మెయిల్ పనికొస్తుంది, భద్రంగా దాచండి. అదే మాట ఫోన్‌లో అన్నారా? ఆ రోజే "మీరు ఫోన్‌లో చెప్పినట్టు..." అని మొదలుపెట్టి ఒక మెయిల్ పంపండి. కాంట్రాక్ట్‌లో ఉన్నదే సర్వం, అంతకుముందు మాటలేవీ లెక్కలోకి రావు అనే క్లాజు చాలా వాటిల్లో చివర ఉంటుంది. అది ఉంటే నోటి మాటకు విలువ బాగా తగ్గిపోతుంది. సంతకానికి ముందే ఆ క్లాజు కోసం వెతకండి.

రెండో అడుగు: సంతకం ఎవరు పెట్టారు, ఏ హోదాలో పెట్టారు

సేల్స్ మేనేజర్ యజమానిని అడగకుండా సంతకం పెట్టాడు కాబట్టి కాంట్రాక్ట్ మాకు వర్తించదు అనే వాదన వినిపిస్తుంటుంది. ఆ మేనేజర్‌కు ఆ అధికారం ఉన్నట్టు సంస్థ తన తీరుతో బయటివాళ్లను నమ్మించి ఉంటే (హోదా ఇచ్చి, విజిటింగ్ కార్డు ఇచ్చి, గతంలో ఇలాంటి ఆర్డర్లు అతని చేతే ఖాయం చేయించి) ఆ సంతకం సంస్థను కట్టేస్తుంది. లోపల ఏ నియమం ఉందో వెతికి చూడాల్సిన పని బయటివారికి లేదు.

రెండో ప్రమాదం దీనికి పూర్తిగా వ్యతిరేకం. కంపెనీ తరఫున పెట్టాల్సిన సంతకాన్ని డైరెక్టర్ తన పేరుతో పెట్టేస్తాడు. లేదా కాంట్రాక్ట్ వెనక అనుబంధంగా ఉన్న వ్యక్తిగత పూచీకత్తు మీద కూడా అదే ఊపులో సంతకం పెడతాడు. అప్పుడు కంపెనీ మునిగితే నష్టం అతని ఇంటి దాకా వస్తుంది. సంతకం పైన కంపెనీ పేరు, "తరఫున" అన్న మాట, కింద మీ హోదా కచ్చితంగా ఉండాలి. పేజీలన్నీ తిప్పి "గ్యారంటీ", "పూచీ" అన్న మాటలు ఎక్కడున్నాయో చూడండి. వ్యక్తిగత పూచీకత్తు అడిగితే, ఒక మొత్తానికీ ఒక తేదీకీ పరిమితం చేయకుండా ఒప్పుకోవద్దని నా సలహా.

ఇక సంస్థ లోపల. చెడ్డ కాంట్రాక్ట్ బయటపడగానే అందరి వేళ్లూ సంతకం పెట్టినవాడి వైపే చూపిస్తాయి. ఇది నాకు అన్యాయంగా అనిపిస్తుంది. నెలాఖరుకు టార్గెట్ కొట్టాలని ఒత్తిడి పెట్టింది ఎవరు? కమిషన్ ఆర్డర్ విలువ మీదే తప్ప లాభం మీద లేని పద్ధతి పెట్టింది ఎవరు? ఉత్పత్తి విభాగం "ఆ గడువులో అవ్వదు" అని చెప్పినప్పుడు పక్కన పెట్టింది ఎవరు? కలం పట్టినవాడి కంటే ఆమోదం ఇచ్చినవారికి, ఆమోదం అడిగే పద్ధతే పెట్టనివారికి ఎక్కువ బాధ్యత ఉంటుంది. పరిష్కారం కష్టమేమీ కాదు. కొంత విలువ దాటిన కాంట్రాక్ట్‌పై సేల్స్, ఉత్పత్తి, అకౌంట్స్ ముగ్గురూ తమకు సంబంధించిన క్లాజుల పక్కన పొట్టి సంతకం పెట్టాకే యజమాని చివరి పేజీలో సంతకం పెట్టాలి. ఉద్యోగి సంస్థను మోసం చేస్తే తప్ప అతని జీతం నుంచి నష్టం రాబట్టాలని చూడటం సరైన దారి కాదు.

మూడో అడుగు: అసలు కాంట్రాక్ట్ ఏ కాగితంలో ఉందో తేల్చుకోండి

చాలామంది సప్లయర్లు కాంట్రాక్ట్ మీద సంతకం పెట్టామని కూడా తెలియకుండా పెడతారు. మీరు కొటేషన్ పంపుతారు, వెనక మీ షరతులు ఉంటాయి. వాళ్లు పర్చేజ్ ఆర్డర్ పంపుతారు, వెనక వాళ్ల షరతులు. ఏవి గెలుస్తాయి?

బట్లర్ మెషిన్ టూల్ వర్సెస్ ఎక్స్-సెల్-ఓ కేసులో సరిగ్గా ఇదే జరిగింది. అమ్మకందారు కొటేషన్‌లో ఖర్చులు పెరిగితే ధర కూడా పెరుగుతుందని రాశారు. కొనుగోలుదారు ఆర్డర్‌లో ఆ మాట లేదు. ఆర్డర్ కింద చింపి పంపాల్సిన రసీదు ఉంది, దాని మీద "మీ షరతులపై ఆర్డర్ అంగీకరిస్తున్నాం" అని అచ్చు వేసి ఉంది. అమ్మకందారు దాన్ని చింపి, సంతకం పెట్టి, తమ కొటేషన్‌ను గుర్తు చేస్తూ ఒక లేఖ జోడించి పంపారు. తర్వాత పెరిగిన ధర అడిగారు. 1977లో ఇంగ్లండ్ అప్పీలు కోర్టు కొనుగోలుదారు షరతులే వర్తిస్తాయని చెప్పింది. జోడించిన లేఖ వాళ్లను కాపాడలేదు.

అందుకే ఆర్డర్ రసీదు మీద సంతకం పెట్టడం, వాళ్ల పోర్టల్‌లో "అంగీకరిస్తున్నాను" నొక్కడం, షరతులు చూశాక కూడా అభ్యంతరం చెప్పకుండా సరుకు పంపేయడం, మూడింటినీ సంతకంతో సమానంగానే చూడండి. కొన్ని ఒప్పందాలు "మా వెబ్‌సైట్‌లో ఎప్పటికప్పుడు మారే సప్లయర్ పాలసీ కూడా ఇందులో భాగమే" అంటాయి. అది ఉంటే సంతకం రోజు నాటి పాలసీ కాపీని డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి. మార్పులు మీరు రాతపూర్వకంగా ఒప్పుకుంటేనే వర్తిస్తాయని ఒక వాక్యం చేర్చమనండి.

నాలుగో అడుగు: బరువంతా ఎక్కడుందో వెతకండి

యాభై పేజీల కాంట్రాక్ట్‌లో మిమ్మల్ని ముంచగలిగేవి ఐదారు క్లాజులే. మిగతావాటి మీద శక్తి ఖర్చు చేయకండి.

మొదటిది నష్టపూర్తి క్లాజు. సాధారణంగా ఇలా ఉంటుంది: "సరఫరా చేసిన వస్తువుల వల్ల గానీ, వాటికి సంబంధించి గానీ కొనుగోలుదారుకు కలిగే ప్రత్యక్ష, పరోక్ష నష్టాలన్నింటినీ, మూడో వ్యక్తుల క్లెయిములన్నింటినీ సరఫరాదారు భరించవలెను." ఇందులో మూడు చోట్ల ఆగండి. "సంబంధించి గానీ" అంటే వాళ్ల గోదాములో తడిసి పాడైనా మీ మీదికి రావచ్చు. "పరోక్ష" అంటే వాళ్లకు పోయిన లాభం కూడా మీ ఖాతాలో పడవచ్చు. "అన్నింటినీ" అంటే గరిష్ఠ పరిమితి లేదు. దాన్ని ఇలా మార్చమని అడగండి: "సరఫరాదారు నిర్లక్ష్యం వల్ల గానీ, వస్తువులు అంగీకరించిన స్పెసిఫికేషన్‌కు భిన్నంగా ఉండటం వల్ల గానీ కొనుగోలుదారుకు నేరుగా కలిగిన నష్టాన్ని ఆ మేరకు సరఫరాదారు భరించవలెను. కొనుగోలుదారు నిల్వ, వాడకం, మార్పుల వల్ల కలిగిన నష్టానికి ఇది వర్తించదు. మొత్తం బాధ్యత గత 12 నెలల్లో సరఫరాదారుకు అందిన చెల్లింపులను మించదు." మోసానికీ, మనుషులకు కలిగే గాయాలకూ ఈ పరిమితి వద్దని వాళ్లు అడుగుతారు. అది సబబే, ఒప్పుకోండి.

రెండోది ఆలస్యానికి పెనాల్టీ. దీన్ని లెక్క వేసి చూస్తే గానీ అసలు రూపం కనిపించదు. ఆర్డర్ 100 యూనిట్లు, 95 సమయానికి చేరాయి, 5 ఆలస్యమయ్యాయి అనుకుందాం. వారానికి 1 శాతం పెనాల్టీ మొత్తం ఆర్డర్ విలువ మీద అని రాసి ఉంటే, పది వారాలకు 10 యూనిట్ల విలువ కట్టాలి. అంటే ఆలస్యమైన సరుకు విలువకు రెండింతలు. అదే "ఆలస్యమైన సరుకు విలువపై" అని రాసి ఉంటే కట్టాల్సింది అర యూనిట్ విలువే. ఒక్క మాట మారితే ఇరవై రెట్ల తేడా. దాంతో పాటు 5 శాతమో 10 శాతమో గరిష్ఠ పరిమితి అడగండి. ఆలస్యం వాళ్ల వైపు నుంచి వస్తే, అంటే డ్రాయింగులు ఆలస్యంగా ఇచ్చినా, తనిఖీకి మనిషిని పంపకపోయినా, మీ గడువు అన్ని రోజులు పెరగాలని రాయించండి.

చెల్లింపు క్లాజులో 60 రోజులా 90 రోజులా అన్నదాని కంటే ఏ రోజు నుంచి లెక్క అన్నదే ముఖ్యం. "అంగీకరించిన తేదీ నుంచి" అని ఉండి, అంగీకారానికి గడువు లేకపోతే గడియారం ఎప్పటికీ మొదలవ్వకపోవచ్చు. సరుకు చేరిన ఇన్ని రోజుల్లో లోపం చెప్పకపోతే అంగీకరించినట్టే అన్న వాక్యం తప్పనిసరి. ముడిసరుకు కొన్న రోజు నుంచి లెక్కపెట్టండి: తయారీ 30 రోజులు, రవాణా 15, ఆపైన 90. అంటే 135 రోజుల పాటు వాళ్ల వ్యాపారానికి మీరు వడ్డీ లేని అప్పు ఇస్తున్నారు. ఆ వడ్డీ ధరలో ఉందా?

రద్దు క్లాజు దగ్గర పాత అనుబంధాన్ని నమ్ముకోకండి. బెయిర్డ్ టెక్స్‌టైల్స్ సంస్థ బ్రిటన్‌లోని పెద్ద దుకాణాల గొలుసు మార్క్స్ అండ్ స్పెన్సర్‌కు 30 ఏళ్ల పాటు బట్టలు సరఫరా చేసింది. 1999లో ఆ సీజన్‌తో ఆర్డర్లు ఆపేస్తున్నామని కొనుగోలుదారు చెప్పేసింది. ఇన్నేళ్ల సంబంధానికి సరైన నోటీసు రావాలని సప్లయర్ కోర్టుకెళ్లింది. దీర్ఘకాల ఒప్పందమంటూ ఏదీ లేదు, కోర్టు అమలు చేయగలిగిన కచ్చితమైన షరతులూ లేవు అని 2001లో అప్పీలు కోర్టు తోసిపుచ్చింది. వాళ్ల కోసమే మెషిన్లు కొంటున్నా, మనుషులను పెడుతున్నా కనీస కొనుగోలు పరిమాణం, రద్దు నోటీసు, తయారీలో ఉన్న సరుకుకు పరిహారం, ఈ మూడూ కాగితం మీదికి రావాలి.

మిగిలిన రెండూ చిన్నవే: స్పెసిఫికేషన్‌ను వాళ్లొక్కరే మార్చే హక్కు ఉందా, వివాదం వస్తే ఏ దేశపు ఏ ఊళ్లో తేల్చుకోవాలి. రెండోదాన్ని ఎవరూ పట్టించుకోరు. కానీ దూరదేశంలో కేసు నడిపే ఖర్చు క్లెయిమ్ కంటే ఎక్కువైతే మీకు ఎన్ని హక్కులున్నా లేనట్టే.

ఐదో అడుగు: చట్టం ఎక్కడ అడ్డుపడుతుందో చూడండి

ఇది దేశాన్ని బట్టి బాగా మారుతుంది. ఏ దేశపు చట్టం వర్తిస్తుందని కాంట్రాక్ట్‌లో రాశారో ముందు అది చూడండి.

ఆస్ట్రేలియాలో చిన్న సంస్థలతో కుదుర్చుకునే అచ్చు ఫారం ఒప్పందాల్లో (ముందే తయారుచేసి అందరికీ ఒకేలా ఇచ్చేవి) అన్యాయమైన షరతులు చెల్లవన్న నియమం 2016 నుంచి ఉంది. 2023 నవంబర్ 9 నుంచి అలాంటి షరతు పెట్టడమే నేరుగా జరిమానాకు దారి తీస్తుంది. అంటే ఇక్కడ బాధ్యత రాసినవారి మీదికి మారింది. జర్మనీలో కూడా అచ్చు షరతులను వ్యాపార సంస్థల మధ్య సైతం కోర్టు పరిశీలిస్తుంది. అయితే నిజంగా చర్చించి మార్చుకున్న క్లాజుకు ఆ రక్షణ ఉండదు. కాబట్టి అక్కడ పైపైన బేరమాడి సగం ఒప్పుకోవడం ఒక్కోసారి మీకే నష్టం.

యూరోపియన్ యూనియన్‌లో వ్యాపార సంస్థల మధ్య చెల్లింపు గడువు 60 రోజులు దాటాలంటే అది స్పష్టంగా ఒప్పుకున్నదై ఉండాలి, సప్లయర్‌కు తీవ్ర అన్యాయం చేసేది కాకూడదు. త్వరగా పాడయ్యే వ్యవసాయ, ఆహార సరుకుల్లో కొనుగోలుదారు కంటే చిన్న సప్లయర్లకు 2019 నాటి నిబంధన 30 రోజుల గడువు ఇస్తుంది. భారతదేశంలో 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి చట్టం (ఎంఎస్ఎంఈడీ) ప్రకారం సూక్ష్మ, చిన్న సప్లయర్లకు ఒప్పుకున్న గడువు ఎంతైనా 45 రోజులు దాటకూడదు. దాటితే రిజర్వ్ బ్యాంకు ప్రకటించిన బ్యాంకు రేటుకు మూడు రెట్ల చొప్పున, నెలనెలా చక్రవడ్డీ పడుతుంది. కాంట్రాక్ట్‌లో వేరేలా రాసుకున్నా ఇది వర్తిస్తుంది.

పెనాల్టీల సంగతికొస్తే, భారత కాంట్రాక్ట్ చట్టం 74వ సెక్షన్ కింద ఒప్పందంలో రాసిన మొత్తం గరిష్ఠ పరిమితి మాత్రమే. కోర్టు ఇప్పించేది సమంజసమైన పరిహారం. ఇంగ్లండ్‌లో 2015 నుంచి, కొనుగోలుదారుకున్న న్యాయమైన ప్రయోజనంతో ఏ మాత్రం పొంతన లేని పెనాల్టీ చెల్లదు. నష్టాన్ని తగ్గించుకునే ప్రయత్నం అవతలివాళ్లు కూడా చేయాలన్న సూత్రం రెండు చోట్లా ఉంది. మీ సరుకు రాలేదని ఫ్యాక్టరీ మూసుకుని కూర్చుని, పక్కనే దొరికే సరుకు కొనకుండా, పెరిగిన నష్టమంతా మీ నెత్తిన వేయలేరు.

ఒక హెచ్చరిక. బేరమాడే బలంలో అసమానత ఉన్నప్పుడు అన్యాయమైన షరతును కొట్టేయవచ్చని భారత సుప్రీంకోర్టు 1986లో బ్రోజోనాథ్ గంగూలీ కేసులో చెప్పింది. అదే తీర్పులో, ఇద్దరూ వ్యాపారులై ఒప్పందం వాణిజ్యపరమైనదైతే ఈ సూత్రం వర్తించకపోవచ్చని కూడా చెప్పింది. మొదటి సగం మాత్రమే చదివి ధైర్యపడకండి.

ఆరో అడుగు: ఒత్తిడి ఎప్పుడు బలవంతం అవుతుంది

"ఈ షరతులకు ఒప్పుకోకపోతే వేరే సప్లయర్ దగ్గరకు పోతాం" అనడం బేరం. ఎంత టెన్షన్ పెట్టినా అది చట్టవిరుద్ధం కాదు. "ముందు ఒప్పుకున్నది పక్కన పెట్టి ఇప్పుడు దీని మీద సంతకం పెట్టు, లేకపోతే సగంలో వదిలేస్తాం" అనడం వేరు.

1989లో ఇంగ్లండ్‌లో తీర్పు వచ్చిన అట్లాస్ ఎక్స్‌ప్రెస్ వర్సెస్ కాఫ్కో కేసు చూడండి. కాఫ్కో అనే చిన్న సంస్థ పెద్ద దుకాణాల గొలుసైన వూల్‌వర్త్స్‌కు బుట్టల్లాంటి అల్లిక సామాను సరఫరా చేసేది. సరుకు మోయడానికి ఒప్పుకున్న రవాణా కంపెనీ తన అంచనా తప్పిందని ధర పెంచమంది. ఒకరోజు ఖాళీ లారీతో పాటు కొత్త రేట్ల కాగితం పంపింది. సంతకం పెట్టకపోతే లారీ ఖాళీగానే వెనక్కి పోతుందని డ్రైవర్‌తో చెప్పించింది. వేరే బండి దొరకదు, సరుకు అందకపోతే వూల్‌వర్త్స్ వ్యాపారం పోతుంది. అభ్యంతరం చెబుతూనే సంతకం పెట్టారు. ఆ సంతకం చెల్లదని కోర్టు చెప్పింది.

మీ పరిస్థితి అలాంటిదైతే సంతకానికి ముందే, కనీసం అదే రోజున, "వేరే దారి లేక, మా హక్కులు వదులుకోకుండా సంతకం పెడుతున్నాం" అని రాతలో పంపండి. ఒత్తిడి తగ్గగానే లాయర్‌ను కలవండి, ఆలస్యం చేయొద్దు. అట్లాంటిక్ బారన్ అనే నౌక కేసులో నౌక కట్టే సంస్థ ఒప్పుకున్న ధర కంటే ఎక్కువ కట్టమని పట్టుబట్టింది, ఆ బలవంతం నిజమేనని కోర్టు ఒప్పుకుంది. కానీ నౌక చేతికొచ్చాక సుమారు ఎనిమిది నెలలు ఊరుకున్నందుకు కొనుగోలుదారు అదనంగా కట్టిన డబ్బు వెనక్కి రాలేదు.

ఏడో అడుగు: సంతకం అయిపోయింది, ఇప్పుడేం చేయాలి

ముందు కాంట్రాక్ట్‌ను తేదీల పట్టికగా మార్చండి. ఏ సంఘటన జరిగిన ఎన్ని రోజుల్లో ఎవరికి, ఏ చిరునామాకు నోటీసు పంపాలో రాసి గోడకు పెట్టండి. ఊహించని విపత్తు వల్ల ఆలస్యమైనప్పుడు ఏడు రోజుల్లో చెప్పాలని ఉండి ఎనిమిదో రోజున చెబితే, నిజంగా విపత్తు వచ్చినా ఆ రక్షణ పోవచ్చు. వాట్సాప్ మెసేజ్ చాలా కాంట్రాక్టుల్లో నోటీసు కిందకు రాదు.

తర్వాత మీ బీమా పాలసీ తీసి చూడండి. చట్టప్రకారం మీ మీద పడే బాధ్యతకు కవర్ ఇచ్చి, కాంట్రాక్ట్‌లో మీరు అదనంగా నెత్తిన వేసుకున్న బాధ్యతకు ఇవ్వని పాలసీలు చాలా ఉన్నాయి. నష్టపూర్తి క్లాజు కాపీని బీమా సంస్థకు పంపి, కవర్ ఉందో లేదో రాతపూర్వకంగా అడగండి.

మీకు సరుకిచ్చేవాళ్లు, మీరు పని అప్పగించేవాళ్లు ఉంటారు కదా. పైవాళ్లకు మీరు రెండేళ్ల గ్యారంటీ ఇచ్చి, కిందివాళ్ల నుంచి ఆరు నెలల గ్యారంటీ తీసుకుంటే మధ్యలో ఉన్న 18 నెలల నష్టం మీదే. వాళ్లు చేసే పని మేరకు రెండు ఒప్పందాలనూ సరిపోల్చండి. అయితే మీ మీద పడిన అన్యాయమైన క్లాజును మీకంటే చిన్నవాడి మీదికి యథాతథంగా తోయకండి. మోయలేనివాడి మీద పెట్టిన బాధ్యత కాగితం మీదే ఉంటుంది, వాడు చేతులెత్తేసిన రోజున తిరిగి మీ దగ్గరికే వస్తుంది. కొనుగోలుదారుతో మాట్లాడేటప్పుడు కూడా ఇదే వాదన వాడండి. మీ టర్నోవర్ ఎంత, వాళ్లు అడిగే పూచీ ఎంత, నష్టం జరిగితే మీ నుంచి నిజంగా ఎంత రాబట్టుకోగలరు? ఈ మూడు అంకెలూ ఒకే పేజీలో పెట్టి చూపిస్తే న్యాయం గురించి ఉపన్యాసం ఇచ్చినదానికంటే ఎక్కువ ఫలితం ఉంటుంది.

పెనాల్టీ పేరుతో బిల్లులో కోత వేస్తే మౌనంగా ఉండకండి. ఏ క్లాజు కింద, ఏ సరుకుపై, ఎన్ని రోజులకు కోశారో లెక్క అడగండి. నిజంగా జరిగిన నష్టానికి ఆధారం అడగండి. మిగతా డబ్బు తీసుకుంటూనే, కోతకు ఒప్పుకోవడం లేదని రాయండి. రెండు మూడు బిల్లుల్లో కోతకు మాట్లాడకపోతే, ఆ లెక్కకు మీరు ఒప్పుకున్నట్టేనని తర్వాత వాదిస్తారు.

ఇక గడువు. కాంట్రాక్ట్ దానంతట అదే పొడిగింపయ్యే క్లాజు ఉంటే, పొడిగింపు వద్దని చెప్పాల్సిన చివరి తేదీని క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోండి. ఆ తేదీకి కనీసం మూడు నెలల ముందు ఏడాది లెక్క తీయండి: ఎన్ని రోజులకు డబ్బు వచ్చింది, ఎంత కోత పడింది, ఏ క్లాజు వల్ల ఎంత పోయింది. అందులో అన్నింటికంటే ఎక్కువ నష్టం చేసిన రెండు క్లాజులనే తీసుకుని, మార్చిన వాక్యాలు మీరే రాసి, నోటీసుతో పాటు పంపండి.